చీటీ లేని రాయి

అమెరికాలో మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ చదివిన రెండేళ్ళలో షారన్ అవెన్యూలోని ఎ. ఇ. సీమన్ ఖనిజాల మ్యూజియం ముందునుంచి ఎన్ని వందలసార్లు వెళ్ళి ఉంటానో చెప్పలేను గాని, లోపలికి మాత్రం ఒక్కసారీ అడుగు పెట్టలేదు. గూడూరు మైకా గనుల్లో ముప్ఫై ఏళ్ళు మేట్‌గా పనిచేసినవాడి కొడుకుని నేను. రాళ్ళ విషయంలో ఇంట్లో చూసినవీ విన్నవీ చాలుననుకునేవాణ్ణి. పైగా ఏటా పదహారడుగులకు మించి మంచు కురిసే హోటన్‌లో మనిషి బయట కాలు పెట్టేది తరగతికో, తిండికో, బట్టలు ఉతుక్కోవడానికో తప్ప, గాజు అద్దాల వెనకనున్న రాళ్ళను చూడడానికి కాదని అప్పట్లో నా గట్టి నమ్మకం.

ఆ నమ్మకం పోవడానికి మా నాన్న రేకుపెట్టె కారణమైంది. ఆయన పోయిన ఏడాదికి గూడూరులో ఇల్లు సర్దుతుంటే అటకమీద ఒక పాత రేకుపెట్టె దొరికింది. అందులో ఏడు రాళ్ళు, ఒక్కొక్కటీ వార్తాపత్రిక ముక్కలో చుట్టి, పురికొసతో కట్టి ఉన్నాయి. ఒకటి అరచేయంత మైకా, పొరలు విడదీయకుండా పుస్తకంలా ఉన్నదున్నట్టు దాచినది. ఒకటి లేత పచ్చని ఆరు పలకల కడ్డీ, బహుశా బెరిల్. మరొకటి నల్లగా, చేతికి సీసమంత బరువుగా తగిలే ముద్ద. మిగతావి ఏమిటో నాకు తెలియదు. ఏ రాయి మీదా ఏ గుర్తూ లేదు, పెట్టెలో ఏ కాగితమూ లేదు. నాన్న వాటిని ఎందుకు దాచాడో, ఏ గనిలో ఎప్పుడు ఏరుకున్నాడో అడగడానికి ఇక ఆయన లేడు. నేను చేసిన పని ఏమిటంటే, రాళ్ళను తుడిచి వరసగా పెట్టి ఫోటోలు తీసుకొని, వాటిని చుట్టిన కాగితాలను ఇంట్లోని మిగతా చెత్తతోపాటు సంచిలో వేసి వీధి చివర పారబోయించాను.

నిరుడు ఆగస్టులో పాత స్నేహితుడి ఇంటికని మా అమ్మాయితో కలిసి హోటన్ వెళ్ళినప్పుడు, ఆ ఏడు ఫోటోలూ ఫోనులో పెట్టుకొని మొదటిసారి ఆ మ్యూజియం లోపలికి వెళ్ళాను. బయటకి వచ్చేటప్పటికి నాకొక అభిప్రాయం స్థిరపడింది. ఖనిజాల మ్యూజియంలో దాచవలసిన అసలు వస్తువు రాయి కాదు, దాని పేరూ దొరికిన చోటూ రాసి పక్కన ఉంచే చీటీ. ఇది కొంచెం అతిగా అనిపిస్తుందని తెలుసు. చీటీ కోసం ఎవరైనా అంత దూరం వెళతారా అని నాతో వచ్చిన స్నేహితుడూ నవ్వాడు. ఆ నవ్వుకు అప్పుడు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

రాగి ఊరు

ముందు ఆ చోటు గురించి కొంచెం చెప్పాలి. సుపీరియర్ సరస్సులోకి వంకర వేలులా పొడుచుకు వచ్చిన కీవనా ద్వీపకల్పం మీద ఉంది హోటన్. ప్రపంచంలో రాగి ఎక్కువగా గంధకంతోనో, మరొకదానితోనో కలిసిన ఖనిజంగా దొరుకుతుంది. ఇక్కడ మాత్రం సుమారు 110 కోట్ల ఏళ్ళనాటి లావా పొరల్లో, లావా చల్లబడేటప్పుడు గాలిబుడగలు వదిలిన బొరియల్లో, రాగి రాగిగానే, లోహంగానే పేరుకుంది. ఇక్కడి ఆదిమ ప్రజలు వేల ఏళ్ళ కిందటే దాన్ని ఏరి, సాగగొట్టి, కత్తులూ మొనలూ చేసుకున్నారు. 1841లో డగ్లస్ హోటన్ అనే ప్రభుత్వ భూగర్భ శాస్త్రవేత్త ఈ రాగి గురించి నివేదిక రాశాడు. నాలుగేళ్ళకు అదే సరస్సులో పడవ మునిగి చనిపోయాడు. ఊరికి ఆయన పేరు మిగిలింది. 1845 నుంచి 1968 దాకా ఈ చిన్న ద్వీపకల్పంలోని గనులు సుమారు 50 లక్షల టన్నుల రాగిని ఇచ్చాయి. గనులకు మనుషులను తయారుచేయడానికి 1885లో పెట్టిన గనుల బడే ఇప్పటి విశ్వవిద్యాలయం. మ్యూజియం 1902లో మొదలైంది. దశాబ్దాలపాటు అక్కడ పాఠాలు చెప్పి, పదవీ విరమణ తరువాత మ్యూజియం బాధ్యత తీసుకున్న ఆర్థర్ ఎడ్మండ్ సీమన్ పేరు దానికి 1932లో పెట్టారు.

మ్యూజియం ఆవరణలో 19 టన్నుల రాగి పలక ఒకటి ఉంది. 2001లో సుపీరియర్ సరస్సు అడుగునుంచి పైకి తీసినది. మా అమ్మాయి దాన్ని చేత్తో తట్టి, "ఇది నిజంగా రాయేనా నాన్నా, మోగుతోంది" అంది. నిజానికి ఈ రాగితో గనివాళ్ళకు వచ్చిన చిక్కే అది. మామూలు ధాతువైతే మందుపెట్టి పేలిస్తే ముక్కలవుతుంది, రాగి పగలదు. పెద్ద ముద్ద తగిలితే దాని చుట్టూ ఉన్న రాయిని పేల్చి, ముద్దను మాత్రం మనుషులు చేతులతోనే ముక్కలు చేయాలి. ఒకడు ఉలి పట్టుకుంటే ఇద్దరు వంతులవారీగా సమ్మెట వేస్తూ, సన్నని గాడి తీస్తూ, రాగి పెళ్ళలు రిబ్బనుల్లా చుట్టుకొని లేస్తుంటే వారాల తరబడి కోసుకుంటూ పోవాలి. 1857లో ఒక గనిలో సుమారు 500 టన్నుల ముద్ద దొరికితే దాన్ని పైకి తేవడానికి ఏడాదికి పైగా పట్టింది.

ఆ గని పేరు మినెసోటా. రాష్ట్రం పేరులో ఇంగ్లీషులో రెండు 'ఎన్'లు ఉంటాయి, గని పేరులో ఒకటే ఉంది. నమోదు చేసేటప్పుడు గుమాస్తా చేసిన పొరపాటని చెబుతారు. పొరపాటు ఎవరిదైనా గని ఆ పేరుతోనే నడిచింది, ఆ పేరుతోనే మూతపడింది. ఇప్పుడు ఎవరైనా చదువుకున్నవాడు ఆ గని రాగిముక్క చీటీని చూసి, అక్షరదోషమనుకొని ఇంకో 'ఎన్' చేర్చాడనుకోండి, ఒక్క కలంపోటుతో ఆ రాగి మిషిగన్ రాష్ట్రంలోంచి పక్క రాష్ట్రానికి వెళ్ళిపోతుంది. తరువాతి తరంలో మరెవరో దాన్ని చూసి, ఫలానా రాష్ట్రంలోనూ ఇలాంటి రాగి దొరికేదని వ్యాసం రాసినా ఆశ్చర్యం లేదు. చీటీని దాచడమంటే దాని తప్పులను కూడా దాచడమని నాకు అర్థమైన మొదటి సంగతి ఇదే. మంచి మ్యూజియాలలో కొత్త చీటీ రాసినప్పుడు పాతదాన్ని పారేయరు. పాతదానికీ పాతది ఉంటే దాన్నీ కలిపి రాయితోనే ఉంచుతారు. రాయి మీద కనబడనిచోట చిన్న తెల్లరంగు చుక్క పెట్టి, దాని మీద సిరాతో అంకె వేసి, ఆ అంకెను రిజిస్టరుకు ఎక్కిస్తారు. చీటీ ఊడిపోయినా రాయికి దాని ఊరు తెలియాలని ఇంత తాపత్రయం.

క్యారేజీలో దాటివచ్చిన రాళ్ళు

లోపల నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది పెద్ద రాగి ముద్దలు కావు, రాగిని కడుపులో పెట్టుకున్న కాల్సైటు స్ఫటికాలు. నీళ్ళలా తేటగా ఉన్న స్ఫటికం లోపల సన్నని రాగి రేకులు ఎర్రగా మెరుస్తుంటాయి. స్ఫటికం పెరుగుతూ పెరుగుతూ ఉండగా మధ్యలో రాగి వచ్చి దాని మీద వాలింది, ఆ రాగి మీద మళ్ళీ కాల్సైటు పెరిగింది. లోపల ఉన్నది కాబట్టి గాలి తగలక, నల్లబడక, పుట్టిన రోజు రంగుతో అలాగే ఉండిపోయింది. పక్కనే రాగీ వెండీ ఒకే ముద్దలో, కరిగించి కలపకుండా, పక్కపక్కన అతుక్కొని ఉన్న ముక్కలున్నాయి. మనవాళ్ళు చూస్తే కంసాలి చేతి పని అనుకుంటారు.

ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయన్న ప్రశ్న ఎవరికైనా రావాలి. గని కంపెనీకి కావలసింది బరువు. స్ఫటికం ఎంత అందంగా ఉన్నా అది రాయిని దంచే యంత్రపు రోకళ్ళ కింద నలిగి కొలిమిలోకి పోవలసిందే. మిగిలినవి మిగలడానికి కారణం, ఏ కూలీయో దాన్ని చూసి ఆగి, తన మధ్యాహ్నం క్యారేజీలో పెట్టుకొని గేటు దాటించడం. కంపెనీ లెక్కలో అది దొంగతనమే. వెండి తగిలితే సమ్మెటతో ఒక దెబ్బ వేసి రాలగొట్టి జేబులో వేసుకోవడమూ అక్కడ మామూలేనట. కీవనా నుంచి ప్రపంచమంతటికీ వెళ్ళిన మంచి నమూనాలలో చాలాభాగం అలా క్యారేజీల్లో బయటపడినవే, తరువాత సారా దుకాణాలలోనో, సేకర్తల ఇళ్ళలోనో చేతులు మారినవే.

ఇక్కడ నా వాదానికి మొదటి చిక్కు ఎదురవుతుంది. దొంగచాటుగా తెచ్చినవాడు ఉన్నదున్నట్టు చెబుతాడా? ఏ గనిలో దొరికిందో చెబితే ఉద్యోగం పోతుంది. వర్తకుడికి నిజం చెబితే రేపు అతను నేరుగా అక్కడికే వెళతాడు. అందుకని పక్క గని పేరు చెప్పడం, పేరున్న గని పేరు తగిలించడం రాళ్ళ వ్యాపారంలో మొదటినుంచీ ఉన్నదే. అలాంటప్పుడు చీటీని నమ్మడం ఎందుకు, రాయినే అడగవచ్చు కదా అనవచ్చు. ఎక్స్-రే కిరణాలతో చూస్తే ఖనిజమేదో నిమిషాలలో తెలుస్తుంది. అందులో వీసమెత్తు పాళ్ళలో కలిసిన ఇతర మూలకాలను కొలిచి, పురాతన రాగి పనిముట్లు ఈ సరస్సు ఒడ్డు రాగితోనే చేసినవా కాదా అని పురావస్తు శాస్త్రవేత్తలు తేల్చడానికి ప్రయత్నిస్తున్నారు కూడా.

ఇది బలమైన అభ్యంతరమే. దీని గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. భూగర్భశాస్త్రం బోధించే స్నేహితుడొకడికి నాన్న రాళ్ళ ఫోటోలు పంపితే అతను చెప్పిన సమాధానం నాకు దారి చూపింది. "ఇది మైకా అని చెప్పడానికి నేనక్కరలేదు, మీ అమ్మాయి చెబుతుంది. నెల్లూరు మైకాకు కొంచెం పచ్చజీర ఉంటుంది కాబట్టి, గూడూరులో దొరికింది కాబట్టి, అక్కడిదే అయి ఉంటుందని చెబుతాను. అదే ఈ రాయిని నువ్వు డెట్రాయిట్ సంతలో చూపించి అడిగితే ఆ మాట కూడా చెప్పను. ఏ గని అంటావా, అది రాయిలో రాసి ఉండదు" అన్నాడు. రాయి తాను ఏమిటో చెప్పగలదు. ఎక్కడిదో కొంతవరకు, అదీ పోల్చడానికి ఊరు తెలిసిన రాళ్ళు పక్కన ఉంటేనే చెప్పగలదు. ఎంత గొప్ప యంత్రమైనా చీటీ ఉన్న వంద రాళ్ళతో పోల్చి చూసే చీటీ లేని రాయి మీద అభిప్రాయం చెబుతుంది. ఆ వంద చీటీలూ నమ్మదగినవి కాకపోతే యంత్రం చెప్పేదీ నమ్మదగినది కాదు. అబద్ధపు చీటీ దొరికిపోయేది కూడా అలాగే. ఫలానా గని అని రాసి ఉన్న రాయిలో, ఆ గనిలో ఎన్నడూ కనబడని తోటి ఖనిజం కనిపిస్తే అనుమానం మొదలవుతుంది. ఎన్నడూ కనబడలేదని ఎలా తెలిసింది? మిగతా చీటీలవల్లే.

కోడూరంటే ఏ కోడూరు?

మ్యూజియంలో నాకు బాగా నచ్చిన మరో సంగతి సీమనైట్ అనే ఖనిజం పేరు. 1930లో దాన్ని కొత్త ఖనిజంగా వర్ణించి, సీమన్ గారి పేరు పెట్టారు. దొరికినది మిషిగన్‌లోనే, ఐరన్ కౌంటీలోని చికాగన్ అనే ఇనుపగనిలో. గని ఎప్పుడో మూతపడింది. ఇలా ఒక ఖనిజాన్ని లోకం మొదటిసారి గుర్తించిన చోటుకు శాస్త్రంలో ప్రత్యేకమైన గౌరవం ఉంటుంది. తరువాత ఎవరికి ఎక్కడ అలాంటిది దొరికినా, ఇది అదేనా అని తేల్చుకోవడానికి ఆ మొదటి చోటి రాయిదాకా వెళ్ళాలి. గని మూతపడ్డాక ఆ చోటు ఉండేది భూమిలో కాదు, మ్యూజియం సొరుగులో.

అది చదువుతుంటే నాకు కోడూరైట్ గుర్తుకు వచ్చింది. పాత విశాఖపట్నం జిల్లాలోని మాంగనీసు గనులను పరిశీలించిన ఎల్. ఎల్. ఫెర్మర్ అక్కడి ఒక వింత శిలకు కోడూరు గని పేరుతో ఆ పేరు పెట్టాడు. చీపురుపల్లి, గరివిడి ప్రాంతపు కోడూరు అది. ఇప్పుడు చీటీ మీద 'కోడూరు, ఆంధ్రప్రదేశ్' అని మాత్రమే రాసి ఉందనుకోండి, మన పాఠకులలో ఎంతమంది విజయనగరం జిల్లాకు వెళతారు? ఎక్కువమందికి గుర్తొచ్చేది కడప సీమలోని రైల్వేకోడూరు. అక్కడా గనులున్నాయి, పక్కనే మంగంపేటలో ప్రపంచానికే పేరెన్నికగన్న బెరైటీస్ నిక్షేపం ఉంది. రెండు కోడూరులకూ మధ్య ఆరేడువందల కిలోమీటర్ల దూరం ఉంది, రాళ్ళకూ రాళ్ళకూ ఏ చుట్టరికమూ లేదు. కృష్ణా జిల్లా కోడూరు మరొకటి ఉండనే ఉంది. చీటీ రాసేవాడికి జిల్లా పేరు రాయడానికి పట్టే క్షణం చదివేవాడికి ఒక జీవితకాలపు పనిని తప్పిస్తుందని అనడం అతిశయోక్తి కాదు.

జిల్లా రాస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. నాన్న పనిచేసినన్నాళ్ళూ గూడూరు నెల్లూరు జిల్లాలో ఉంది, 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. లోకమంతా 'నెల్లూరు మైకా' అనే పిలిచిన సరుకుతో ముడిపడిన ఊరికి కాగితం మీద జిల్లా మారిపోయింది. అందుకే పాత చీటీని సరిదిద్దకూడదు, పక్కన ఇంకొకటి రాయాలి.

అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ మన ఇంట్లోనే ఉంది. గోల్కొండ వజ్రాలు అంటాం. గోల్కొండలో వజ్రాలు తవ్వలేదు, అమ్మారు. తవ్వినవి కృష్ణ ఒడ్డున కొల్లూరు, పరిటాల వంటి చోట్ల. టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు పదిహేడో శతాబ్దంలో కొల్లూరు గనిని చూసి, అక్కడ వేలమంది పనిచేస్తున్నారని రాశాడు. ఈనాడు ప్రపంచపు వేలంపాటల్లో 'గోల్కొండ' అన్నది ఒక నాణ్యత పేరుగా మారింది, కొల్లూరు పేరు ఎవరి నోటా లేదు. ఆ ఊరు పులిచింతల జలాశయం నీళ్ళలోకి వెళ్ళిపోయింది. వర్తకుడి చీటీ నిలిచింది, గని చీటీ పోయింది. ఇది జరగడానికి ఎవరి కుట్రా అక్కరలేకపోయింది.

ప్రపంచపు రాళ్ళు ఇక్కడెందుకు?

మ్యూజియంలో సగం ఇల్లు మిషిగన్‌దైతే మిగతాది లోకానిది. నా వాదం ప్రకారం చూస్తే, రాయికి ఊరే ముఖ్యమైనప్పుడు రాయిని పుట్టిన ఊరి దగ్గరే ఉంచాలి కదా, ఎక్కడెక్కడి రాళ్ళో ఇక్కడకు ఎందుకు తేవాలి అని అడగవచ్చు. లోపలికి వెళ్ళిన మొదటి గంటలో నాకూ అదే అనిపించింది. ఒక ప్రాంతపు మ్యూజియం ఆ ప్రాంతానికే కట్టుబడి ఉంటే ఎంత బాగుండును అనుకున్నాను.

తరువాత ఆ ఆలోచనను వదులుకున్నాను. కీవనా కుర్రవాడికి రాగి లోహంగా దొరకడం వింత కాదు, వాళ్ళ పెరట్లోనూ దొరుకుతుంది. అది లోకంలో ఎంత అరుదో తెలియాలంటే, వేరేచోట్ల రాగి పచ్చటి మలకైటుగానో, ఇత్తడిరంగు చాల్కోపైరైటుగానో ఉన్న రాళ్ళను పక్కన చూడాలి. విశ్వవిద్యాలయపు మ్యూజియానికి ఇది మరీ అవసరం, చదువుకునేవాడు తన ఊరి రాయితోనే ఆగిపోతే అది చదువు కాదు. మన దక్కను రాళ్ళ సంగతే చూడండి. ఏ దేశంలో ఏ ఖనిజాల మ్యూజియానికి వెళ్ళినా మహారాష్ట్రలోని జియొలైట్లు, అపొఫిల్లైట్లు అనే స్ఫటికాలు పలకరిస్తాయి. బొంబాయి నుంచి పుణెకు భోర్ ఘాటు మీదుగా రైలుదారి వేసినప్పుడు పగలగొట్టిన కొండల్లోంచి మొదలై, బావులు తవ్వినప్పుడూ, రోడ్డుకంకర క్వారీలలోనూ అవి బయటపడుతూ వచ్చాయి. కేవన్‌సైట్ అనే నీలి ఖనిజం ముందు అమెరికాలోని ఆరెగాన్‌లో దొరికినా, దానికి లోకప్రసిద్ధి తెచ్చినది పుణె దగ్గరి వాఘోలీ క్వారీలు. ఎవరూ కొనుక్కుపోకపోతే ఆ నీలిపూలు వాఘోలీలోనే ఉండేవి అనుకోవడం మన భ్రమ. అవి కంకరై, తారు కింద ఉండేవి. ప్రయాణమే వాటిని కాపాడింది. నాకు బాధ కలిగించేది అవి దేశాలు దాటడం కాదు, ఊరి పేరు లేకుండా దాటడం. మా హోటన్ ప్రయాణంలోనే దారిపక్కన రాళ్ళ దుకాణం ఒకటి చూశాం. పాలరాతి రంగు స్ఫటికాల గుత్తి పక్కన ఒక అట్టముక్క మీద ధర, కింద 'ఇండియా' అని రాసి ఉన్నాయి. 'ఇండియాలో ఎక్కడ' అని అడిగితే దుకాణదారు ఎంతో మర్యాదగా, "దక్షిణం అనుకుంటానండీ, లేదా ఉత్తరం" అన్నాడు.

చీటీ చెప్పనివి

ఇంతవరకు చీటీని మోశాను కాబట్టి దాని మీద నాకున్న అనుమానాలు కూడా చెప్పాలి. చీటీ మీద ఖనిజం పేరుంటుంది, గని పేరుంటుంది, దానమిచ్చినవారి పేరుంటుంది. సమ్మెట వేసినవాడి పేరు ఉండదు. కీవనా రాగి నేల 1842 లా పాయింట్ ఒడంబడికతో ఓజిబ్వే ప్రజల చేతుల్లోంచి పోయింది. దానికి ముందూ వెనకా వాళ్ళు పవిత్రంగా చూసుకున్న ఆంటనాగన్ రాగి బండ, దాదాపు ఒకటిన్నర టన్నులకు పైబడిన ఒకే ముద్ద, 1843లో నదిలోంచి తరలిపోయి చివరికి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరింది. దాన్ని తిరిగి ఇమ్మని 1991లో అక్కడి తెగవారు అడిగితే ఆ విన్నపం నెరవేరలేదు. దాని చీటీలో ఊరిపేరు నిక్షేపంగా ఉంది, ఎవరిది అన్న మాట మాత్రం ఊరిపేరుతో తేలేది కాదు. అలాగే 1913లో రాగి గనుల సమ్మె నడుస్తుండగా, క్రిస్మస్ ముందురోజు సాయంత్రం క్యాలుమెట్‌లో సమ్మె చేస్తున్నవారి పిల్లల కోసం పెట్టిన పండగలో ఎవరో నిప్పు అని అరిస్తే, లేని నిప్పుకు భయపడి మెట్ల మీద తొక్కిడిలో 73 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది పిల్లలే. రోకళ్ళ కింద నలిగిన రాతిపొడి కుప్పలతో నిండిన టార్చ్ లేక్‌ను 1986లో ప్రభుత్వం కలుషిత స్థలాల జాబితాలో చేర్చింది. స్ఫటికం పక్కనున్న వేలెడు చీటీలో ఇవేవీ పట్టవు.

అయితే చీటీలో గని పేరంటూ ఉంటే, అక్కడినుంచి ఇవన్నీ వెతుక్కుంటూ వెళ్ళవచ్చు. ఆ కాలంలో ఆ గనిలో ఎవరు పనిచేశారు, జీతమెంత, ఎప్పుడు సమ్మె జరిగింది, రాతిపొడి ఏ చెరువులో పోశారు అన్న ప్రశ్నలన్నిటికీ తలుపు ఆ ఒక్క పేరే. పేరు లేని రాయి అందంగా మాత్రమే ఉంటుంది. నేను ఇంతకన్నా ఎక్కువ చీటీ నుంచి ఆశించను, ఇంతకన్నా తక్కువకు ఒప్పుకోను.

మా అమ్మాయి ఒక్క చీటీ కూడా చదవలేదన్నది నిజం. అది నేరుగా చీకటిగదిలోకి పరిగెత్తి, అతినీలలోహిత కాంతిలో ఎర్రగా, ఆకుపచ్చగా వెలిగే రాళ్ళ ముందు అరగంట కూర్చుంది. ఎనిమిదేళ్ళ పిల్ల చీటీ చదవాలని నేనూ అనుకోను. కాని బయటకు వచ్చాక అది అడిగిన మొదటి ప్రశ్న "ఆ వెలిగే రాళ్ళు ఎక్కడ దొరుకుతాయి?" అన్నది.

ఇంటికి వచ్చాక ఈ సంగతులన్నీ భూగర్భశాస్త్రపు స్నేహితుడికి ఫోనులో చెబితే, తాను పనిచేసిన ఒక కళాశాలలో జరిగిన ముచ్చట చెప్పాడు. తనిఖీ బృందం వస్తోందని గోడలకు రంగులు వేయించారు. మ్యూజియం గది బీరువాలలోని రాళ్ళన్నీ దుమ్ము పట్టి ఉన్నాయని, అటెండరు వాటిని పెద్ద తొట్టిలో వేసి సబ్బునీళ్ళతో కడిగి ఎండబెట్టాడు. జిగురుతో అంటించిన నలభై ఏళ్ళనాటి చీటీలన్నీ తొట్టిలో తేలాయి. హేలైట్ అంటే రాతి ఉప్పు, అది అసలే మిగలలేదు. తరువాత రాళ్ళను రంగులవారీగా, సైజులవారీగా సర్ది, కంప్యూటరులో అందమైన కొత్త చీటీలు ముద్రించారు. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, హెమటైట్ అని పేర్లు మాత్రమే ఉన్నాయి. తనిఖీకి వచ్చినవారు గది చాలా శుభ్రంగా ఉందని మెచ్చుకున్నారట. అటెండరును నేను తప్పుపట్టలేను. వార్తాపత్రిక ముక్కలను చెత్తసంచిలో వేసినవాణ్ణి. వాటి మీద తేదీ ఉండేది. ఏ ఏడాది ఏ రాయిని చుట్టాడో తెలిస్తే, ఆ ఏడాది నాన్న ఏ గనిలో ఉన్నాడో ఆయన సర్వీసు కాగితాలలో చూసి ఉండేవాణ్ణి. మా నాన్న చీటీలు రాయలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. బహుశా రాశాడు, తనకు తెలిసిన పద్ధతిలో.

గత నెల అమ్మకు వీడియోలో ఒక్కొక్క రాయినీ చూపించాను. అయిదింటికి తల అడ్డంగా ఊపింది. నల్లముద్దను చూసి, "అది తలుపుకు అడ్డం పెట్టేవాడురా మీ నాన్న, ఇంకేం తెలియదు" అంది. మైకాను మాత్రం దగ్గరగా పెట్టమని, చాలాసేపు చూసింది. "ఇది కలిచేడుది. నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో గని చూపిస్తానని సైకిలు మీద తీసుకువెళ్ళాడు. షెడ్డులో ఆడవాళ్ళు కొడవళ్ళతో అంచులు కోస్తున్నారు. ఇది కోతకు పోకముందే తీసి నా చేతిలో పెట్టి, కాకిబంగారం ఉంచుకో, అసలు బంగారం తరువాత కొంటాను అన్నాడు" అని నవ్వింది. ఏ సంవత్సరమని అడిగితే, నువ్వు పుట్టకముందు అంది. ఇంకొంచెం గుచ్చి అడిగితే, ఆ ఏడాదే పెద్ద తుపాను వచ్చిందని, పెళ్ళిలో కట్టిన పందిరి గుంజలు అప్పటికింకా తీయలేదని చెప్పింది.

ఆదివారం కూర్చొని చిన్న అట్టముక్కల మీద ఏడు చీటీలు రాశాను. ఆరింటి మీద ఒకటే సమాచారం ఉంది: 'గూడూరు ఇంటి అటక మీది రేకుపెట్టెలో దొరికినది. గని తెలియదు. చుట్టిన కాగితం కొడుకు పారేశాడు.' ఏడోదాని మీద ఇలా రాశాను: 'మైకా. కలిచేడు, నెల్లూరు జిల్లా. పెద్ద తుపాను వచ్చిన ఏడాది. అమ్మ చెప్పిన ప్రకారం.'